ఊళ్లో ఇల్లు కిరాయికి ఇచ్చే ముందు: అద్దె చట్టంలో వస్తున్న మార్పులు ఓనరుకు, కిరాయిదారుకు ఎలా వర్తిస్తాయి?

ఈ పాఠం ఎవరి కోసం?

గల్ఫ్‌లో పనిచేసే తెలుగువారిలో చాలామంది ఒకే సమయంలో రెండు పాత్రల్లో ఉంటారు. ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో కష్టార్జితంతో కట్టిన ఇంటికి ఓనర్లు. పిల్లల చదువు కోసం భార్యాపిల్లలను హైదరాబాదులోనో, విజయవాడలోనో, కరీంనగర్‌లోనో ఉంచితే అక్కడ కిరాయిదారులు. కాబట్టి అద్దె చట్టం మారితే మీకు రెండు వైపులా పని ఉంటుంది.

ఇంటి విషయంలో సంక్షేమ విభాగానికి వచ్చేవారు ఎక్కువగా రెండు మాటలు చెబుతారు. ఒకటి, "కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేయడం లేదు, నేను ఇక్కడి నుండి ఏమి చేయగలను?" రెండోది, "ఖాళీ చేయరేమో అన్న భయంతో ఇల్లు తాళం వేసి ఉంచాను." రెండింటిలోనూ నష్టం మీదే. ఈ పాఠంలో నమూనా అద్దె చట్టం ఏమి చెబుతోంది, అది ఓనరుకు ఏమి ఇస్తుంది, కిరాయిదారుకు ఏమి ఇస్తుంది, విదేశంలో ఉన్న మీరు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి అన్న విషయాలు తెలుసుకుందాం.

1. ఇప్పటివరకు ఉన్న పద్ధతి

మన రాష్ట్రాల్లో అద్దె ఇళ్ల విషయం చాలాకాలం 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం కింద నడిచింది. అప్పట్లో పట్టణాల్లో ఇళ్లు తక్కువ. ఓనరు ఇష్టం వచ్చినట్టు అద్దె పెంచకుండా, ఉన్నపళంగా వెళ్లగొట్టకుండా కిరాయిదారును కాపాడటం ఆ చట్టం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ కేసు పడితే ఏళ్ల తరబడి నడవడం వల్ల ఓనర్లలో భయం పట్టుకుంది.

ఆ భయం వల్ల రెండు అలవాట్లు వచ్చాయి. మొదటిది, ఇల్లు ఖాళీగా ఉంచడం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. రెండోది, 11 నెలల అగ్రిమెంటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎందుకని 11 నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకుంటారు. చాలాచోట్ల అదీ ఉండదు, నోటిమాటే. గొడవ వచ్చినప్పుడు మాటకు సాక్ష్యం దొరకదు.

2. నమూనా అద్దె చట్టం అంటే ఏమిటి?

2019 జులై బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కొత్త నమూనా అద్దె చట్టం తెస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ముసాయిదా తయారైంది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. భూమి, ఇంటి అద్దె రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోని అంశాలు. కాబట్టి కేంద్రం చేసింది నమూనా మాత్రమే. ప్రతి రాష్ట్రం దాన్ని చూసి కొత్త చట్టం చేసుకోవాలి, లేదా పాత చట్టాన్ని సవరించుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఈ దారిలో తమ చట్టాలను మార్చుకున్నాయని కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ తెలిపింది. "పేపర్లో చూశాను, కొత్త చట్టం వచ్చిందట" అని ఎవరైనా చెబితే, మీ ఇల్లు ఉన్న రాష్ట్రంలో ఏ చట్టం అమల్లో ఉందో అక్కడి వకీలును అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. ఇంకో మాట. ఈ నమూనా కొత్తగా రాసుకునే ఒప్పందాల కోసం ఉద్దేశించింది. ఇప్పటికే నడుస్తున్న పాత అద్దెల మీద దాన్ని వెనక్కి వెళ్లి రుద్దరు.

3. ఓనరుకు ఏమి మారుతుంది?

(అ) రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. నోటిమాట మీద ఇల్లు ఇవ్వడం కుదరదు. ఒప్పందం రాసుకున్న రెండు నెలల్లో ఓనరు, కిరాయిదారు ఇద్దరూ కలిసి రెంట్ అథారిటీకి తెలియజేయాలి. రెంట్ అథారిటీ అంటే జిల్లా కలెక్టరు నియమించే, డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి. ఆయన ఆ ఒప్పందానికి ఒక నంబరు ఇస్తారు. గడువు 11 నెలలైనా, మూడేళ్లైనా తెలియజేయవలసిందే.

(ఆ) గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె. ఒప్పందం ముగిసినా, పొడిగించకపోయినా కిరాయిదారు ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత ఖాళీ చేసేవరకు నెలకు నాలుగు రెట్లు అద్దె కట్టాలి. వరద, తుఫాను, భూకంపం, యుద్ధం వంటివి వచ్చినప్పుడు మాత్రం ఆ పరిస్థితి ముగిశాక ఒక నెల వరకు ఉండనివ్వాలి.

(ఇ) అద్దె బకాయి. వరుసగా రెండు నెలల అద్దె కట్టకపోతే ఓనరు నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన నెలలోపు వడ్డీతో సహా కట్టకపోతే ఖాళీ చేయించమని రెంట్ కోర్టును కోరవచ్చు. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇల్లు అప్పగించినా, చెప్పినా మానకుండా ఇంటిని దుర్వినియోగం చేసినా అంతే.

(ఈ) ప్రత్యేక కోర్టులు. అద్దె తగాదాలు మామూలు సివిల్ కోర్టుకు పోకుండా రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు, రెంట్ ట్రిబ్యునల్ అని మూడు మెట్లు పెట్టారు. ఫిర్యాదులను, అప్పీళ్లను 60 రోజుల్లో తేల్చాలన్నది లక్ష్యం.

(ఉ) ప్రాపర్టీ మేనేజరు. మీ తరఫున అద్దె వసూలు చేసి రసీదు ఇచ్చే, మరమ్మతులు చూసే, నోటీసులు ఇచ్చే మనిషిని చట్టం గుర్తిస్తుంది. అతని వివరాలు కిరాయిదారుకు తెలియజేయాలి. విదేశంలో ఉన్న మీకు ఇది చాలా ఉపయోగం. మీ తమ్ముడైనా, బావమరిదైనా, "వీరే నా తరఫు మనిషి" అని కాగితం మీద ఉండాలి.

4. కిరాయిదారుకు ఏమి మారుతుంది?

మీ కుటుంబం పట్నంలో కిరాయి ఇంట్లో ఉంటే ఈ భాగం ఇంట్లో ఉన్నవారికి ఫోన్లో చదివి వినిపించండి.

(అ) అడ్వాన్సుకు పరిమితి. ఉండే ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. షాపు, గోదాము వంటి వాటికి ఆరు నెలల వరకు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటే. అలాంటి చోట ఈ మార్పు కుటుంబాలకు పెద్ద ఊరట. ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించేటప్పుడే, ఇవ్వవలసినవి ఏమైనా ఉంటే పట్టుకుని, మిగతా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి.

(ఆ) గడువు మధ్యలో ఖాళీ చేయమనడం కుదరదు. ఒప్పందంలో రాసుకున్న కారణం గానీ, చట్టంలో చెప్పిన కారణం గానీ ఉండాలి.

(ఇ) కరెంటు, నీళ్లు ఆపకూడదు. గొడవ ఉన్నా సరే, మోటారు ఆపడం, కరెంటు కట్ చేయడం వంటివి ఓనరు గానీ, అతని మనిషి గానీ చేయకూడదు. చేస్తే రెంట్ అథారిటీకి చెప్పుకోవచ్చు. మీరు ఓనరైతే, ఈ నియమం మీకూ వర్తిస్తుందని మరచిపోకండి.

(ఈ) ఇంట్లోకి రావాలంటే ముందు చెప్పాలి. మరమ్మతుకైనా, చూడటానికైనా కనీసం 24 గంటల ముందు రాతలో గానీ, ఫోన్ సందేశంలో గానీ తెలపాలి. మగవారు విదేశంలో ఉండి ఆడవారు, పిల్లలు మాత్రమే ఇంట్లో ఉండే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

(ఉ) అద్దె తీసుకోకపోతే. కొందరు ఓనర్లు బకాయి చూపించడానికి కావాలనే అద్దె తీసుకోరు. అప్పుడు రెండు నెలలు మనియార్డరు వంటి రుజువు ఉండే పద్ధతిలో పంపి, అప్పటికీ తీసుకోకపోతే రెంట్ అథారిటీ దగ్గర జమ చేయవచ్చు.

(ఊ) మరమ్మతులు ఎవరివి? గోడలు, కప్పు, సున్నాలు, రంగులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు పని. నల్లా వాషర్లు, సింకు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు గడియలు, కిటికీ అద్దాలు, కాలువ శుభ్రం కిరాయిదారు పని. ఓనరు చేయించకపోతే కిరాయిదారు చేయించుకుని అద్దెలో పట్టుకోవచ్చు. అయితే ఏ నెలలోనూ సగం అద్దెకు మించి పట్టుకోకూడదు.

5. లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు నెలకు 8,000 రూపాయలకు ఇల్లు ఇచ్చారనుకోండి. నమూనా ప్రకారం డిపాజిట్ 16,000 మించకూడదు. గడువు మార్చి 31తో ముగిసింది, పొడిగించలేదు, కిరాయిదారు కదలలేదు. ఏప్రిల్‌కు 16,000, మే నెలకు 16,000 అవుతుంది. జూన్ నుండి నెలకు 32,000. ఆగస్టు చివరికి మొత్తం 1,28,000 రూపాయలు.

ఓనరుగా ఇది మీకు బలం. కానీ అటు కిరాయిదారు వైపు నుండి కూడా చూడండి. మీ భార్య పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగుదామని గడువు దాటి నాలుగు నెలలు అదే ఇంట్లో ఉండిపోతే ఈ లెక్క మీ మీదే పడుతుంది. కాబట్టి కిరాయిదారైనప్పుడు గడువు తేదీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టించండి. పొడిగింపు కావాలంటే గడువుకు ముందే అడిగి రాతలో తీసుకోండి.

6. చట్టం చేయలేని పనులు

నమూనా చట్టం అద్దెకు పైపరిమితి పెట్టదు. అద్దె ఎంత, ఏడాదికి ఎంత పెంచాలి అన్నది ఇద్దరూ ఒప్పందంలో రాసుకున్న దాన్నిబట్టి ఉంటుంది. దుబాయిలో పద్ధతి వేరు. అక్కడ 2013 నాటి 43వ డిక్రీ ప్రకారం మీ అద్దె ఆ ప్రాంతపు సగటు కంటే ఎంత తక్కువ ఉందో చూసి పెంపు నిర్ణయిస్తారు. తేడా 10 శాతం లోపు ఉంటే పెంచనే కూడదు. తేడా 40 శాతం దాటినా పెంపు 20 శాతం మించకూడదు. మన దగ్గర కూడా అలాంటి పరిమితి ఉంటుందని అనుకుని పెంపు గురించి రాయకుండా సంతకం పెట్టవద్దు.

రెండో విషయం. కంపెనీ తన ఉద్యోగులకు పని ఒప్పందంలో భాగంగా ఇచ్చే వసతి నమూనా చట్టం కిందికి రాదు. లాడ్జీలు, సత్రాలు కూడా రావు. ఇక మీరిక్కడ ఉంటున్న లేబర్ క్యాంపు విషయానికొస్తే, దానికి ఈ దేశపు నియమాలే వర్తిస్తాయి.

మూడో విషయం. కాగితం లేనివారికి చట్టం అందదు. ఒక గదిలో నెలనెలా నగదు ఇచ్చి ఉండే కూలీ కుటుంబానికి ఒప్పందం రాసివ్వడానికి ఓనరు ఇష్టపడకపోవచ్చు. అలాగే కలెక్టరు ఆఫీసులో వేరే పనులు చూసే అధికారికే ఈ బాధ్యత కూడా వస్తే 60 రోజుల గడువు అన్నిచోట్లా నిలుస్తుందా అన్నది అమలులోనే తెలుస్తుంది.

7. మీరు విదేశంలో ఉన్నారు కాబట్టి

పవర్ ఆఫ్ అటార్నీ: ఇల్లు కిరాయికి ఇవ్వడానికి మీ తరఫున సంతకం పెట్టే మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. మీరు దాన్ని ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ, కాన్సులేటులో గానీ అధికారి ముందు సంతకం చేసి ధ్రువీకరించుకోవచ్చు. అది ఇండియా చేరిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు చాలామంది మరచిపోతారు.

అన్నిటికంటే ముఖ్యంగా ఈ మాట వినండి. కిరాయికి ఇవ్వడానికి జనరల్ పవర్ అవసరం లేదు. ఆ ఒక్క ఇంటికి, ఆ ఒక్క పనికి స్పెషల్ పవర్ చాలు. "కిరాయికి ఇచ్చుట, అద్దె వసూలు చేయుట, రసీదు ఇచ్చుట, నోటీసు పంపుట, కేసు నడుపుట" అని పనులు విడివిడిగా రాయించండి. "అమ్ముటకు, తనఖా పెట్టుటకు అధికారం లేదు" అని కూడా రాయించండి. ఎవరో టైపు చేయించి పంపిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టవద్దు. తెలుగులో చదివించుకుని, అర్థమైన తర్వాతే పెట్టండి. సొంతవారిమీద నమ్మకం లేక కాదు, రేపు ఆ నమ్మకం చెడకుండా ఉండడానికే.

అద్దె డబ్బు: నగదుగా కాకుండా మీ ఎన్ఆర్ఓ ఖాతాలో వేయించండి. ప్రతి నెలా బ్యాంకులో పడిన అద్దె మీ ఓనరు హక్కుకు సాక్ష్యం కూడా.

పన్ను: ఓనరు ప్రవాసి అయితే, అద్దె కట్టేవారు అందులో పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. రేటు 30 శాతం, దాని మీద సెస్. మీకు ఇండియాలో వేరే ఆదాయం లేక, అద్దె మొత్తం పన్ను పరిమితి లోపే ఉంటే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ సంగతి ముందే కిరాయిదారుకు చెప్పండి, తర్వాత తగాదా ఉండదు.

గడువు: ఒప్పందం గడువును మీ వీసా, మీ కాంట్రాక్టు చూసుకుని పెట్టండి. వచ్చే ఏడాది పూర్తిగా తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే మూడేళ్లకు రాయకండి. గడువు మధ్యలో "నాకే ఇల్లు కావాలి" అంటే నమూనా చట్టం కింద అది సులభం కాదు. ఉద్యోగం పోయి ముందే తిరిగి రావలసి వస్తే ఇన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయాలి అని ఒప్పందంలోనే రాయించండి.

8. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అవుతుందని అంటారు. నిజమేనా?
జవాబు: కాదండి. పన్నెండేళ్ల మాట ఓనరు హక్కును కాదని, బహిరంగంగా ఆస్తిని స్వాధీనంలో ఉంచుకున్నవారి గురించి. కిరాయిదారు మీ అనుమతితో, మిమ్మల్ని ఓనరుగా ఒప్పుకుని ఉంటున్నాడు. ఎన్నేళ్లు ఉన్నా అంతమాత్రాన ఇల్లు అతనిది కాదు. అయితే అతను కిరాయిదారే అని రుజువు చేసేది అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు జమలు. కాగితం రాస్తే హక్కు పోతుందని కొందరు భయపడతారు. నిజానికి కాగితమే మీ హక్కును కాపాడుతుంది.

ప్రశ్న: సెలవు మీద వెళ్లినప్పుడు తాళం పగలగొట్టి సామాను బయట పెట్టిస్తే?
జవాబు: వద్దు. అలా చేస్తే క్రిమినల్ కేసు మీ మీద పడవచ్చు. కేసు నడుస్తుంటే తిరుగు ప్రయాణానికే ఇబ్బంది కావచ్చు. నోటీసు ఇచ్చి చట్టం దారిలోనే వెళ్లండి.

ప్రశ్న: రాయబార కార్యాలయం మా ఇల్లు ఖాళీ చేయిస్తుందా?
జవాబు: చేయించలేదు. అది రాష్ట్రంలోని అధికారుల, కోర్టుల పని. మేము మీ పవర్ ఆఫ్ అటార్నీ వంటి పత్రాలను ధ్రువీకరిస్తాం, ఎవరిని కలవాలో చెబుతాం.

ప్రశ్న: వకీలు ఖర్చు భరించలేము. ఎలా?
జవాబు: ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇంట్లో ఉన్న మీ భార్య గానీ, తల్లి గానీ తన కేసుకు అక్కడికి వెళ్లి అడగవచ్చు. సహాయ ఫోన్ నంబరు 15100.

9. ఈ సెలవులో చేయవలసిన పనులు

- ఇంటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీ పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కో నకలు మీ దగ్గర ఉంచుకోండి.
- నోటిమాట మీద ఉన్న కిరాయిని రాతలోకి మార్చండి. రెండు ప్రతులు రాసి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి.
- ఒప్పందంలో అద్దె, డిపాజిట్, ఏడాదికి పెంపు, గడువు తేదీ, నోటీసు కాలం, మరమ్మతులు, కరెంటు మీటరు రీడింగు, ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, లైట్లు, మోటారు లెక్క రాయించండి.
- ఇల్లు అప్పగించే రోజు ప్రతి గదిని ఫోటో తీయించండి.
- కిరాయిదారు గుర్తింపు కార్డు నకలు తీసుకోండి.
- మీ తరఫు మనిషి ఎవరో కిరాయిదారుకు రాతలో చెప్పండి.
- మీ కుటుంబం కిరాయి ఇంట్లో ఉంటే వారి అగ్రిమెంటు, అడ్వాన్సు రసీదు ఫోటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి.

మీ ఇల్లు కిరాయికి తీసుకున్న మనిషి కూడా మీలాగే ఎక్కడో పనిచేస్తూ కుటుంబాన్ని నడుపుకుంటున్నవాడే. మీరు పట్నంలోని ఓనరు దగ్గర ఏ మర్యాద కోరుకుంటారో అదే అతనికి ఇవ్వండి. లెక్క మాత్రం కాగితం మీద ఉంచండి. ఇంకా సందేహాలుంటే సంక్షేమ విభాగం పనివేళల్లో పాస్‌పోర్టు నకలు, ఇంటి కాగితాల నకళ్లు తీసుకుని రండి.